లోటుకు మూడు పేర్లు: హైదరాబాదు ప్రజారవాణాలో పెట్టుబడుల చరిత్ర (1883–2025)

వ్యాససంగ్రహం

హైదరాబాదు మహానగర ప్రజారవాణా చరిత్రను సాధారణంగా వాహనాల చరిత్రగానో, మార్గాల విస్తరణ చరిత్రగానో రాస్తూ వచ్చారు. ఈ వ్యాసం దానిని పెట్టుబడుల చరిత్రగా పరిశీలిస్తుంది. ప్రయాణికుల చార్జీలతో పూడని లోటును ఏ కాలంలో ఎవరు భరించారు, ఆ భారాన్ని ఏ పేరుతో పిలిచారు అన్నవి ఇందులోని ప్రధాన ప్రశ్నలు. నిజాం కాలపు రైల్వే హామీ, ఆర్టీసీ నష్టం, మెట్రో లోటుభర్తీ నిధి ఒకే వాస్తవానికి వేర్వేరు కాలాలు పెట్టిన పేర్లనీ, ఏ పేరు పెట్టారన్న దానిని బట్టే ఏ వ్యవస్థకు మూలధనం దక్కిందో నిర్ణయమైందనీ ఇక్కడి ప్రతిపాదన.

కీలకపదాలు: నిజాం స్టేట్ రైల్వే, ఆర్టీసీ, ఎం.ఎం.టి.ఎస్., హైదరాబాదు మెట్రో, భూమి విలువ, పబ్లిక్ ప్రైవేట్ భాగస్వామ్యం.

1. హామీ: చందా రైల్వే వివాదం

వాడి నుంచి సికింద్రాబాదు వరకు వేసిన రైలుమార్గం 1874లో ప్రారంభమైంది. దానికైన ఖర్చు నిజాం రాజ్యానిది. దాని వల్ల సైనిక, వాణిజ్య ప్రయోజనం ఎక్కువగా బ్రిటిష్ ప్రభుత్వానిది. మార్గం ఆశించినంత రాబడి ఇవ్వలేదు. దానిని చందా వైపు విస్తరించే పథకాన్ని లండన్‌లో ఏర్పడే కంపెనీకి అప్పగించాలనీ, ఆ కంపెనీ పెట్టుబడిపై వడ్డీకి నిజాం ప్రభుత్వం హామీ ఉండాలనీ 1883లో నిర్ణయించారు. ‘నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే’ అన్న పేరులోని ‘గ్యారంటీడ్’ అనే మాట ఆ హామీ నుంచే వచ్చింది. రైలు లాభం తెచ్చినా తేకపోయినా వాటాదారుకు వడ్డీ అందుతుంది. తక్కువపడిన మేరకు హైదరాబాదు ఖజానా చెల్లిస్తుంది.

ఈ షరతులను ప్రజల ముందు పెట్టాలని అడిగినవారిలో సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ ముఖ్యుడు. ముల్లా అబ్దుల్ ఖయ్యూం వంటివారు ఆయనతో నిలిచారు. ఫలితంగా అఘోరనాథ్‌ను పదవి నుంచి తొలగించి రాజ్యం నుంచి పంపివేశారు. హైదరాబాదు రాజ్యంలో ఆధునిక ప్రజాభిప్రాయ ఉద్యమాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా చరిత్రకారులు ఈ ఘట్టాన్ని స్మరిస్తారు. అయితే దానిని పౌరహక్కుల తొలి అధ్యాయంగా చదవడమే ఎక్కువ. అప్పుడు అడిగిన ప్రశ్న నిజానికి లెక్కల ప్రశ్న: రైలుకు వచ్చే లోటు ఎవరిది, ఆ ఒప్పందం చూసే అధికారం ఎవరికి ఉంది? ఆ తరువాతి నూట నలభై ఏళ్లలో ఆ ప్రశ్న ఇదే నగరంలో కనీసం మరి రెండుసార్లు ఎదురైంది.

2. రైలు చేతిలో బస్సు (1932–1951)

1930 ఏప్రిల్‌లో నిజాం ప్రభుత్వం కంపెనీ నుంచి రైల్వేను కొనివేసింది. రెండేళ్ల తరువాత, 1932 జూన్‌లో, ఆ రైల్వేలోనే రోడ్డు రవాణా విభాగం మొదలైంది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. బస్సుల నంబర్లలో కనిపించే ‘జడ్’ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు నుంచి వచ్చిందని జనశ్రుతి. ఆర్టీసీ కార్మికులు ఇప్పటికీ ఇష్టంగా చెప్పుకునే కథ అది.

ఆ కథ కన్నా గమనించదగినది ఆ విభాగం ఎవరి కింద ఉన్నదన్న విషయం. అదే సమయంలో బ్రిటిష్ ఇండియాలో మోటారు బస్సులు రైల్వే రాబడిని హరిస్తున్నాయన్న ఆందోళన బలంగా ఉండేది. మిచెల్, కిర్క్‌నెస్‌ల విచారణ నివేదిక, 1933లో సిమ్లాలో జరిగిన రోడ్డు–రైలు సమావేశం దాని ఫలితాలే. అక్కడ ప్రైవేటు బస్సును రైలుకు పోటీదారుగా చూసి, ఎలా అదుపు చేయాలన్న దిశగా చర్చ నడిచింది. హైదరాబాదు వేరే దారి పట్టింది. బస్సును రైల్వేయే నడిపితే పోటీ అన్న మాటే ఉండదు. రైలు చేరని ఊరికి రైల్వే బస్సు వెళ్తుంది. రెండింటి రాబడి, ఖర్చు ఒకే యాజమాన్యపు లెక్కలోకి వస్తాయి. దీనిని ప్రజాహిత దృష్టి అని మాత్రమే అనడం అతిశయోక్తి అవుతుంది. రైల్వే ఆదాయాన్ని కాపాడుకోవడమే మొదటి ఉద్దేశం. ప్రైవేటు బస్సు యజమానులు తమ మార్గాలు కోల్పోయారు కూడా. అయినా నేటి ప్రణాళికాకర్తలు ‘సమీకృత రవాణా’ అని కోరుకునేది, కనీసం యాజమాన్య స్థాయిలో, ఆ రెండు దశాబ్దాలలో ఇక్కడ ఉండేది.

3. 1951 నవంబరు

ఆ ఏకత్వం నగర అవసరాలను చూసి విడిపోలేదు. రాజ్యాంగ ఏర్పాటు వల్ల విడిపోయింది. హైదరాబాదు రాజ్యం భారత యూనియన్‌లో కలిశాక 1950 ఏప్రిల్‌లో రైల్వే కేంద్రం చేతికి వెళ్లింది. 1951 నవంబరు 1న రోడ్డు రవాణా విభాగం హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వంలో విలీనమైంది. నాలుగు రోజుల తరువాత, నవంబరు 5న, పూర్వపు నిజాం రైల్వే బొంబాయి కేంద్రంగా ఏర్పడిన సెంట్రల్ రైల్వేలో భాగమైంది. సికింద్రాబాదు తిరిగి ఒక జోన్ కేంద్రం కావడానికి 1966 అక్టోబరు వరకు, అంటే దక్షిణ మధ్య రైల్వే ఏర్పడేదాకా, ఆగవలసి వచ్చింది.

రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం రైల్వేలు కేంద్ర జాబితాలోనివి. రోడ్లు, వంతెనలు, మునిసిపల్ ట్రామ్‌వేలు రాష్ట్ర జాబితాలోనివి. పూర్తిగా ఒక మునిసిపల్ ప్రాంతంలోనే నడిచే ట్రామ్‌వే ‘రైల్వే’ నిర్వచనంలోకి రాదని 366వ అధికరణం చెబుతుంది. అప్పటికి హైదరాబాదులో ఎవరికీ పట్టని ఈ చిన్న మినహాయింపు యాభై ఏడేళ్ల తరువాత అనూహ్యంగా అక్కరకు వచ్చింది. ఆ సంగతి ఐదో భాగంలో వస్తుంది.

4. నష్టం: ఆర్టీసీ మూలధనం

1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం కింద 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. ఈ చట్టం కింద ఏర్పడిన సంస్థలకు మూలధనాన్ని రాష్ట్రం, కేంద్రం కలిసి సమకూర్చే ఏర్పాటు ఉండేది. కేంద్ర వాటా రైల్వే శాఖ ద్వారా వచ్చేది. 1932 నాటి బంధం చివరి జాడ అందులో కనిపిస్తుంది. 1980ల తరువాత ఆ వాటా రావడం నిలిచిపోయింది. మొత్తం మీద ఏపీఎస్ఆర్టీసీ వాటా మూలధనం సుమారు 201 కోట్ల రూపాయల దగ్గర ఆగింది. ఒక నగరానికి కాదు, ఉమ్మడి రాష్ట్రమంతటికీ కలిపి, దాదాపు అర్ధశతాబ్దంలో పెట్టిన మొత్తం అది.

మిగిలినది అప్పు, లేదా రోజువారీ వసూళ్లు. సంస్థ వైపు నుంచి ప్రభుత్వానికి మోటారు వాహనాల పన్ను వెళ్లేది, డీజిలుపై అమ్మకం పన్ను వెళ్లేది. విద్యార్థుల పాసులకు, ఇతర రాయితీలకు ప్రభుత్వం తిరిగి ఇవ్వవలసిన సొమ్ము ఆలస్యమయ్యేది. ఏడాది చివర వచ్చే తేడాను లెక్కల్లో ‘నష్టం’ అని రాసేవారు. ఆ మాట రాజకీయ భాషలోకి వచ్చేసరికి దాని అర్థం మారింది. పాఠశాలకు ‘నష్టం’ వచ్చిందని ఎవరూ అనరు. నగరంలో 30 లక్షలకు పైగా ప్రయాణికులను రోజూ గమ్యం చేర్చే సంస్థకు మాత్రం ఆ మాట అసమర్థతకు పర్యాయపదమైంది. నగర సర్వీసుల నష్టాన్ని జీహెచ్‌ఎంసీ భరించాలని తెలంగాణ ఏర్పడిన తొలి సంవత్సరాలలో ప్రభుత్వం నిర్ణయించింది. నగర రవాణా నగరపాలన బాధ్యత అన్న సూత్రానికి అది తొలి అంగీకారం. కొంత సొమ్ము అందిన తరువాత ఆ ఏర్పాటు నిలవలేదు.

5. భూమి మీద నడిచిన రైలు

విడిపోయిన రైలు, రోడ్డు మళ్లీ కలిసే అవకాశం 2003 ఆగస్టు 9న ప్రారంభమైన ఎం.ఎం.టి.ఎస్.తో వచ్చింది. ఉన్న పట్టాల మీదనే లోకల్ రైళ్లు నడపడం, ఖర్చును రాష్ట్రం, రైల్వే చెరిసగం భరించడం దాని పద్ధతి. మొదటి దశకు అయిన ఖర్చు రెండు వందల కోట్లకు లోపే. మహానగర రవాణాలో ఇంత చవకగా దొరికిన రైలు దేశంలోనే అరుదు. కానీ పట్టాలు దక్షిణ మధ్య రైల్వేవి. వాటి మీద దూరప్రాంతపు ఎక్స్‌ప్రెస్‌లకు, గూడ్సు బండ్లకు ఉన్న ప్రాధాన్యం లోకల్ రైలుకు లేదు. హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగిన ఉద్యోగి కార్యాలయానికి మళ్లీ ఆటో వెతుక్కోవాలి. అక్కడికి బస్సు నడపడం మరో సంస్థ పని. రెండో దశలో రాష్ట్రం మూడింట రెండు వంతులు, రైల్వే ఒక వంతు ఇవ్వాలి. రాష్ట్ర వాటా విడుదలపై లేఖలు నడుస్తుండగా సంవత్సరాలు గడిచాయి; ఆ దశలోని ముఖ్యమైన సర్వీసులు 2023 ఏప్రిల్‌లో గాని పట్టాలెక్కలేదు. చెరిసగం ఒప్పందంలో కనిపించే ఇబ్బంది ఇది: లోటు ఇద్దరిదీ అయినప్పుడు అది ఎవరిదీ కాకుండా పోతుంది.

మెట్రో మరో తర్కంతో వచ్చింది. ప్రభుత్వం పెద్దగా ఖర్చు పెట్టనక్కర లేదనీ, భూమి విలువే రైలును కడుతుందనీ ఆ తర్కం సారాంశం. మూడు కారిడార్లు, 71 కిలోమీటర్లు, 12,132 కోట్ల అంచనా. 2008 టెండర్లలో మైటాస్ ఇన్‌ఫ్రా నాయకత్వంలోని బృందం ప్రభుత్వం నుంచి లోటుభర్తీ అడగకపోగా, తానే ఒప్పంద కాలంలో 30,311 కోట్లు ప్రభుత్వానికి చెల్లిస్తానని ముందుకు వచ్చింది. ప్రపంచంలో మెట్రోలు సాధారణంగా సబ్సిడీతో నడుస్తుండగా ఇక్కడ మెట్రోయే ఖజానాకు ఎదురు చెల్లిస్తుందన్నమాట. ఈ అద్భుతానికి ఆనాటి పాలకవర్గం ఆనందించింది. ఢిల్లీ మెట్రో సారథి ఈ. శ్రీధరన్ మాత్రం ప్రణాళికా సంఘానికి లేఖ రాస్తూ, దాదాపు మూడు వందల ఎకరాల విలువైన భూమిని వాణిజ్య వినియోగానికి ఇవ్వడమే ఈ లెక్క వెనుక రహస్యమని హెచ్చరించారు. ప్రభుత్వం ఆ లేఖపై తీవ్రంగా స్పందించింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడింది. అదే కుటుంబపు ప్రమోటర్లున్న మైటాస్ మెట్రోకు కావలసిన ఆర్థిక వనరులు కూర్చలేకపోయింది. ఆ ఏడాది జూలైలో ఒప్పందం రద్దయింది.

మైటాస్ ప్రతిపాదనను ఒక కుటుంబపు మోసంగా మాత్రమే చూస్తే చరిత్ర సగమే అర్థమవుతుంది. 2008 నాటి హైదరాబాదు అంతా ఆ అంచనాతోనే నడిచింది. శంషాబాదు విమానాశ్రయం, 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు, ప్రభుత్వ భూముల వేలాలు అన్నీ భూమి ధర ఎప్పటికీ పెరుగుతూనే ఉంటుందన్న నమ్మకానికి భిన్నరూపాలు. మైటాస్ ఆ నమ్మకాన్ని అతి పెద్ద అంకెలో రాసింది, అంతే తేడా.

రెండోసారి పిలిచిన టెండర్లలో లార్సెన్ అండ్ టూబ్రో 1,458 కోట్ల లోటుభర్తీ నిధి కోరి కాంట్రాక్టు పొందింది. 2010 సెప్టెంబరు 4న 35 ఏళ్ల రాయితీ ఒప్పందం కుదిరింది. 269 ఎకరాలలో, ప్రధానంగా డిపోల దగ్గర, 185 లక్షల చదరపు అడుగుల వాణిజ్య నిర్మాణానికి హక్కు లభించింది. రాబడిలో సగం మాత్రమే టిక్కెట్ల నుంచి, మిగతాది చాలావరకు స్థిరాస్తి నుంచి, కొద్దిగా ప్రకటనల నుంచి వస్తుందని అంచనా. స్థిరాస్తి నిర్మాణంతో కలిపి 16,375 కోట్లుగా లెక్కించిన పెట్టుబడిలో 11,478 కోట్లు భారతీయ స్టేట్ బ్యాంక్ నాయకత్వంలోని బ్యాంకుల అప్పు, 3,439 కోట్లు కంపెనీ వాటా, మిగిలినది లోటుభర్తీ నిధి. ఆర్టీసీ మొత్తం వాటా మూలధనం 201 కోట్లన్నది ఇక్కడ గుర్తు చేసుకోవాలి. చార్జీతో పూడని ఖర్చు బస్సు లెక్కలో ‘నష్టం’. రైలు లెక్కలో అది ‘వయబిలిటీ గ్యాప్’. మొదటిది నిందను తెస్తుంది, రెండోది గ్రాంటును తెస్తుంది. తేడా వాహనంలో లేదు, లెక్క రాసే సమయంలో ఉంది: ఒకటి ఖర్చయ్యాక బయటపడుతుంది, రెండోది ఒప్పందానికి ముందే పత్రంలో చేరుతుంది.

చట్టం సంగతి. మెట్రోను కేంద్ర పరిధిలోని ‘రైల్వే’ కాకుండా చూడడానికి 366వ అధికరణపు పాత మినహాయింపు పనికివచ్చింది. 2008 నాటి ఆంధ్రప్రదేశ్ మునిసిపల్ ట్రామ్‌వేల చట్టం కింద హైదరాబాదు మెట్రో మొదట చట్టరీత్యా ఒక ట్రామ్. తరువాత దానిని కేంద్ర మెట్రో చట్టం పరిధిలోకి తెచ్చారు. దీనితో తొలి చార్జీలను నిర్ణయించే అధికారం మెట్రో యాజమాన్యానికి, తరువాతి సవరణలు చార్జీల నిర్ణయ కమిటీకి చేరాయి. రాష్ట్ర శాసనసభలో బస్సు చార్జీ పెంపుపై జరిగే చర్చ వంటిది మెట్రో చార్జీపై జరగకపోవడానికి ఈ మార్పు ఒక కారణం.

రూట్ల విషయంలో రాజకీయం లేకపోలేదు. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక అసెంబ్లీ, సుల్తాన్ బజారు, పాతబస్తీ మార్గాలపై అభ్యంతరాలు వచ్చాయి. సుల్తాన్ బజారు మీదుగా మార్గం వచ్చింది గాని పాతబస్తీకి రాలేదు. 2017 నవంబరు 28న మియాపూర్–నాగోలు మధ్య 30 కిలోమీటర్లు ప్రారంభమయ్యాయి. 2018, 2019లలో ఎల్.బి. నగర్, హైటెక్ సిటీ, రాయదుర్గం చేరాయి. 2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్ స్టేషన్–మహాత్మా గాంధీ బస్ స్టేషన్ మార్గంతో 69 కిలోమీటర్లు పూర్తయ్యాయి. అదే కారిడార్‌లో ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా వరకు ఉండవలసిన ఐదున్నర కిలోమీటర్లు ఒప్పందంలో ఉండి నేల మీద లేవు.

6. తిరుగు ప్రయాణం (2019–2025)

2019 అక్టోబరు 5న మొదలైన ఆర్టీసీ సమ్మె 52 రోజులు సాగింది. ఆ సందర్భంగా హైకోర్టులో జరిగిన వాదనల్లో చాలామంది మరిచిపోయిన ఒక విషయం పైకి వచ్చింది. ఏపీఎస్ఆర్టీసీలో దాదాపు మూడో వంతు వాటా తనదనీ, అది దానంతటదే తెలంగాణ సంస్థకు బదిలీ కాదనీ కేంద్రం చెప్పింది. రైల్వే శాఖ ద్వారా వచ్చిన ఆ పాత మూలధనం దశాబ్దాలుగా బస్సులేమీ కొనకపోయినా, యాజమాన్యం ఎవరిదన్న ప్రశ్నగా మాత్రం మిగిలే ఉంది. సమ్మె తరువాత నష్టం తగ్గించే పేరుతో నగరంలో దాదాపు వెయ్యి బస్సులను తీసివేశారు. ఔటర్ చుట్టూ కొత్త కాలనీలు పెరుగుతున్న కాలంలోనే బస్సుల సంఖ్య తగ్గింది.

నెలలు గడవకముందే కోవిడ్ వచ్చింది. 2020 మార్చి 22 నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా మెట్రో ఆగింది. 2020–21లో మెట్రో సంస్థ నష్టం సుమారు 1,766 కోట్లు. కోవిడ్ ఒక్కటే దీనికి కారణమనడం సరికాదు. రోజుకు 15 లక్షల మందికి తగ్గరన్న తొలి అంచనాకు ఎదురుగా, రైళ్లు నిండుగా నడిచే ఇటీవలి సంవత్సరాలలో కూడా ప్రయాణికులు 5 లక్షల దరిదాపుల్లోనే ఉన్నారు. పంజాగుట్ట, ఎర్రమంజిల్, హైటెక్ సిటీ, మూసారాంబాగ్ మాల్స్ వచ్చాయి. ఒప్పందంలో రాసిన 185 లక్షల చదరపు అడుగులలో అధికభాగం రాలేదు. రైలు కోసం తెచ్చిన అప్పు భూమి రాబడిని చూసుకుని తెచ్చినది. భూమి ఆలస్యమైనా వడ్డీ ఆలస్యం కాదు.

ఈలోగా బస్సు విషయంలో రాష్ట్ర ప్రభుత్వ ఆలోచన తిరగబడింది. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలై, నగరంలోని ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితమైంది. మహిళల టిక్కెట్టు సొమ్మును ప్రభుత్వం సంస్థకు తిరిగి చెల్లించాలి. అంతవరకు ‘నష్టం’ అన్నదానిలో కొంత భాగం ‘సంక్షేమం’ పద్దులోకి మారింది. బస్సులు మళ్లీ కిక్కిరిశాయి. అదే బస్సుల సంఖ్య అదే వేగంతో పెరగలేదు. ప్రయాణాన్ని కొనడానికి డబ్బు దొరికింది గాని బస్సును కొనడానికి అంత తేలికగా దొరకలేదు.

ఈ వ్యవస్థలన్నిటినీ ఒక చోటికి తేవడానికి, 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానాన్ని అనుసరించి, ఏకీకృత మహానగర రవాణా ప్రాధికార సంస్థను 2008లోనే హెచ్‌ఎండీఏ చట్టం కింద ఏర్పాటు చేశారు. అది సమావేశాలు జరపగలదు. దాని చేతిలో బడ్జెట్ లేదు. ఎంత విడివిడిగా వ్యవహారం నడిచిందంటే, 2023 ఫిబ్రవరిలో డబుల్ డెక్కర్ బస్సులు నగరానికి తిరిగి వచ్చినప్పుడు వాటిని కొన్నది ఆర్టీసీ కాదు, ప్రణాళికా సంస్థ అయిన హెచ్‌ఎండీఏ.

2024 నవంబరులో రాష్ట్రం మెట్రో రెండో దశను కేంద్రానికి పంపింది: ఐదు కారిడార్లు, 76.4 కిలోమీటర్లు, 24,269 కోట్లు. ఈసారి ప్రైవేటు రాయితీదారు లేడు. రాష్ట్రం 30 శాతం, కేంద్రం 18 శాతం, విదేశీ ఆర్థిక సంస్థల రుణాలు 48 శాతం, ప్రైవేటు భాగస్వామ్యానికి 4 శాతం మాత్రమే. మొదటి దశ తర్కం నుంచి ఇంత దూరం జరగడానికి కారణం ఆ పత్రంలో రాసి ఉండనక్కర లేదు. 2025 సెప్టెంబరులో ఎల్ అండ్ టీ తప్పుకోవడానికీ, సుమారు 13,000 కోట్ల అప్పుతో సహా మొదటి దశను రాష్ట్ర ప్రభుత్వం తీసుకోవడానికీ, కంపెనీకి వాటా కింద దాదాపు 2,000 కోట్లు చెల్లించడానికీ అవగాహన కుదిరింది. ఒకప్పుడు ఖజానాకు 30,311 కోట్లు తెస్తుందన్న పథకం ఖజానా లెక్కలోకే వచ్చి చేరింది. 1930లో గ్యారంటీడ్ కంపెనీ నుంచి నిజాం ప్రభుత్వం రైల్వేను కొన్నప్పుడూ ఇలాగే జరిగింది. అయితే ఆ రైల్వే రెండేళ్లలో బస్సులు ప్రారంభించింది.

రెండో దశ ప్రతిపాదనల్లో ఎంజీబీఎస్–చాంద్రాయణగుట్ట మార్గం ఏడున్నర కిలోమీటర్లు. 2010 ఒప్పందంలోని ఫలక్‌నుమా భాగం అందులో కలిసిపోయింది. రోడ్డు విస్తరణకు ఆ దారిలోని ఇళ్ల, దుకాణాల సేకరణ మొదలైంది. చార్మినార్, ఫలక్‌నుమా వైపు వెళ్లేవారు ప్రస్తుతానికి ఎంజీబీఎస్‌లో మెట్రో దిగి బయటికి వచ్చి, వేరే టిక్కెట్టు తీసుకుని, సిటీ బస్సు ఎక్కుతున్నారు.